నాలుగో పేజీలో ఉక్కు ఓడ

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ నిన్న రాత్రి చదివాను. నాలుగో పేజీలో ‘మైన్ హంటర్ ఉక్కు గోడలు ఎండకు మెరిశాయి’ అన్న చోట కాగితాలు పక్కన పెట్టేశాను. చాలాసేపు నిద్ర పట్టలేదు. మైన్ అంటే ఓడల్ని పేల్చడానికి నీటిలో పెట్టే బాంబు. సముద్రం అడుగున పడి ఉండే అయస్కాంత మైన్ కాచుకుని ఉండేదే ఇనుము కోసం. అందుకే దాన్ని వెతికే ఓడను, అదే మైన్ హంటర్‌ను, చెక్కతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో కడతారు. 1973లో బ్రిటన్ నౌకాదళంలో చేరిన విల్టన్ అనే మైన్ హంటర్ ఒళ్లంతా ఫైబర్‌గ్లాసే. జర్మనీ వాళ్లు అయస్కాంతానికి చిక్కని ప్రత్యేకమైన ఉక్కు వాడారు, నిజమే. నువ్వు ఆ సంగతి తెలిసి రాసినట్టు లేదు.

ఇక ఆ పేలుడు. కథ మొదలైన పది వాక్యాలకే ఒక ఓడ ఎగిరిపోయింది. ఈ అలవాటు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ‘బాంబు పేలకపోతే పేజీ ఎవడు తిప్పుతాడు?’ అని ఒక సంపాదకుడు నా కథ వెనక్కి పంపాడు. ఆయన మాట విని చివర్లో ఓడను పేల్చాను. కథ అచ్చయింది. అందులో ముగ్గురిని చంపాను. ఆ ముగ్గురి పేర్లూ ఇవాళ నాకే గుర్తులేవు. ఆ కోపం ఇంకా పోలేదు.

మైన్ల వేటలో అసలు కథ పేలుడులో లేదు. ఓడ మనిషి నడకంత నెమ్మదిగా పోతుంటుంది. నీటి అడుగున ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే సోనార్‌లో ఏదో కనిపిస్తుంది. రాయి కావచ్చు, పాత డ్రమ్ము కావచ్చు, ఎవరో పోగొట్టుకున్న లంగరు కావచ్చు. కెమెరా ఉన్న చిన్న యంత్రాన్నో, డైవర్‌నో దింపి చూస్తారు. చాలాసార్లు మైన్ కాదు. చార్టులో, అంటే సముద్రపు పటంలో, గుర్తు పెట్టి ముందుకు పోతారు. మళ్లీ ఇంకో రాయి. నీ కథలో టీ చల్లారిపోయినా కప్పు కింద పెట్టని సోనార్ కుర్రాడు ఉన్నాడు చూడు, వాడు బాగున్నాడు. వాడిని రెండు వాక్యాలకే వదిలేశావు.

1988లో నేను గల్ఫ్‌లో సరకు ఓడ మీద ఉన్నాను. ఆ ఏప్రిల్‌లో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా యుద్ధనౌక మైన్‌ను తాకి నడుం విరిగింది. ఆ మైన్ నమూనా 1908 నాటిది. వార్త విన్న రాత్రి, ఇంజిన్ గదిలో డ్యూటీ ఉన్నవాళ్లు తప్ప అందరం పరుపులు మోసుకుని పై డెక్ మీదికి వచ్చేశాం. తెల్లారి, వెతికి దారి చేశామన్న సన్నటి నీటి బాటలో వెళ్లాం. వెతికింది ఎవరో, ఏ దేశం వాళ్లో మాలో ఎవరికీ తెలియదు.

అందుకే నీ కథలో మూడు దేశాల కెప్టెన్లు చేతులు కలిపే చోటు నన్ను కదిలించలేదు. ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి ఒకే నమూనా మైన్ హంటర్లు కట్టుకున్నాయి. వేట పరికరాలు ఒకరివి, విద్యుత్ సామగ్రి ఒకరిది, ఓడను నడిపే యంత్రాలు ఇంకొకరివి. 1991లో ఇరాక్ కువైట్ దగ్గర వేసిన దాదాపు 1,300 మైన్లను ఏరడానికి చాలా దేశాల ఓడలు వచ్చాయి. జపాన్ కూడా పంపింది. 2024లో నల్ల సముద్రంలో టర్కీ, రొమేనియా, బల్గేరియా ఇదే పనికి కలిశాయి. ఈ కలయికలో జెండాల కంటే పెద్ద సంగతి ఒకటుంది. ఒక దేశం కుర్రాడు చార్టు మీద ‘ఇక్కడేమీ లేదు’ అని గుర్తు పెడతాడు. వాడి భాష రాని ఇంకో దేశం నావికుడు ఆ గుర్తును నమ్మి తన ఓడను దాని మీదుగా నడుపుతాడు. అంతకంటే నమ్మకం ఏముంటుందమ్మా?

ఓడను పేల్చకు. నీ టీ కప్పు కుర్రాడు రాత్రంతా చూసి గుర్తు పెట్టిన చోటు మీదుగా, మర్నాడు వేరే దేశం ఓడ ఎలా వెళ్లిందో రాసి పంపు. ఆ ఓడలో నిద్రపోతున్న వాళ్ల గురించి కూడా.