టూల్స్ కోర్సా, ఎంబీఏనా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది. కంపెనీల గురించి సోషల్ మీడియాలో ఏమనుకుంటున్నారో గమనించే మానిటరింగ్ టూల్స్ నేర్పే మూడు నెలల కోర్సులో చేరతానంటోంది. మేము ఎంబీఏ చేయమంటున్నాం. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. రోజంతా ఫోన్ చూసే పని కూడా ఒక ఉద్యోగమేనా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ దిగులంతా ఈ పని నలుగురిలో చెప్పుకోదగినదేనా అన్నదాని చుట్టూ తిరుగుతోంది. చెప్పుకోదగినదే. వినియోగదారుల ఫిర్యాదు ముదరకముందే పసిగట్టి సంబంధిత విభాగానికి చేరవేయడం, కొత్త ప్రకటన వచ్చాక జనం మాట తీరు ఎటు మారిందో యాజమాన్యానికి నివేదించడం బాధ్యత గల పనులు. దాన్ని ఫోన్ చూడటమని తీసిపారేసి, పక్కన బావమరిది కొడుకును నిలబెట్టడం మీ అమ్మాయికి అన్యాయం. ఆమె ముందు ఈ మాటలు మళ్లీ అనకండి.

కోర్సు విషయంలో మాత్రం నాకూ సందేహాలున్నాయి. ఈ రంగంలో మంచి పేరున్న రేడియన్ సిక్స్ అనే మానిటరింగ్ టూల్‌ను 2011లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. ట్విట్టర్ పోస్టులను గమనించడానికి అందరూ ఉచితంగా వాడుకున్న ట్వీట్‌డెక్ 2023లో డబ్బు కట్టేవారికే పరిమితమైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు ఎలా వ్యాపిస్తున్నాయో చూడటానికి ఎందరో పాత్రికేయులు, పరిశోధకులు ఆధారపడిన క్రౌడ్‌టాంగిల్‌ను, ఆ రెండింటి యజమాని అయిన మెటా 2024 ఆగస్టులో మూసేసింది. ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే నేర్చుకున్నవారు ఇలాంటి ప్రతి మార్పుకూ మళ్లీ మొదటికి రావాలి.

నిలిచేది వెతకడంలోని నేర్పు. ‘ప్రియ’ పచ్చళ్ల గురించి వెతికితే ఆ పేరున్న అమ్మాయిల పోస్టులన్నీ వచ్చి పడతాయి కనుక, ఏ మాటలు చేర్చాలో, ఏవి మినహాయించాలో ఆలోచించి ప్రశ్నను కట్టాలి. మనవాళ్లు ‘బాగుంది’ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు. ‘అబ్బో, ఏం సర్వీసండీ!’ అన్న ఎత్తిపొడుపును యంత్రం మెచ్చుకోలుగా లెక్కవేసే ప్రమాదం ఉంది. అక్కడ తెలుగు తెలిసిన మనిషి కావాలి. అంకెలు చదవడం వచ్చిన బీకాం విద్యార్థినికి ఆ నివేదికలు కొత్తేమీ కావు కనుక, ఆమె చదివిన మూడేళ్లూ వృథా కావు.

ఎంబీఏ మంచి చదువే, కానీ రెండేళ్లు పని చేసి, ఏ విభాగం కావాలో తెలిశాక చేరితే దాని విలువ పెరుగుతుంది. మీ భయం తీరడానికి ఆమెను ఇప్పుడే పంపడం నాకు సమ్మతం కాదు.

కోర్సుకు ఫీజు కట్టేముందు, డబ్బు చెల్లించి వాడే టూల్‌లో విద్యార్థులకు సొంత లాగిన్ ఇస్తారా, లేక తెర మీద చూపించి వదిలేస్తారా అని అడగండి. ఈలోగా మీ ఊళ్లోని ఒక మిఠాయి దుకాణాన్ని ఎంచుకొని, దాని పేరు ఇంటర్నెట్‌లో కొత్తగా కనిపిస్తే మెయిల్ పంపే గూగుల్ అలర్ట్స్ ఉచితంగా పెట్టుకొని, మ్యాప్స్‌లోని రివ్యూలను, ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనిపించే వ్యాఖ్యలను ఎక్సెల్‌లో నమోదు చేసి, ప్రతి ఆదివారం ఒక పేజీ నివేదిక రాయమనండి. ఆ నివేదికను మొదట మీరే చదవండి, అర్థం కానిచోట ఆమెనే అడగండి.