ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

అమ్మడూ,

యాప్ పని మొదటి రోజు నుంచీ అందరికీ చూపిస్తూ చేయాలా, పూర్తయ్యేదాకా గుట్టుగా ఉంచాలా అని అడిగావు. ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమోనన్న టెన్షన్‌తో అడుగుతుంటే మాత్రం దాన్ని పక్కన పెట్టు. ఎవరి పని వాళ్లకే తలకు మించి ఉంటుంది. నీ మాట విని, ఉన్నది వదిలేసి దాని వెంట పడేవాళ్లు అరుదు. గుట్టుగా చేస్తే వచ్చే అసలు నష్టం వేరే ఉంది. చేస్తున్నది ఎవరికైనా కావాలో లేదో చివరిదాకా తెలియదు. నిలబడి నడిపే రెండు చక్రాల సెగ్వే స్కూటర్‌ని అలాగే దాచిపెట్టి తయారుచేశారు. అదేమిటో తెలియకుండానే జనం ఏవేవో ఊహించుకున్నారు. 2001 డిసెంబరులో బయటపెట్టాక కొనేవాళ్లు అనుకున్నంతమంది రానే లేదు.

అలాగని రోజూ పోస్టులు పెట్టమని కాదు. అంతా బాహాటంగా చేసేవాళ్లలో చాలామంది చెప్పుకునేది తమలాంటి ఇంకో స్టార్టప్ వాళ్లకి. వాళ్లు లైకులు కొడతారు, శభాష్ అంటారు, కొనరు. నీది చిన్న క్లినిక్కుల అపాయింట్‌మెంట్ల యాప్. నీ మాట వినాల్సింది క్లినిక్కులో ఫోనెత్తి పేషెంట్ల పేర్లు రాసుకునే ఆవిడ. ఈ వారం ఎంత కోడ్ రాశావో ఆవిడకెందుకు? "పదకొండింటికి రమ్మన్న పేషెంటు పన్నెండున్నరకి వస్తే వెనకున్నవాళ్లని ఎలా సర్దుతున్నారు? మేం ఇలా చేసి చూశాం" అని ఒక స్క్రీన్ చూపించు, ఆగి చూస్తుంది. "మా దగ్గర కుదరదమ్మా, డాక్టరుగారు మధ్యలో ఎమర్జెన్సీకి వెళ్లిపోతారు" అని తప్పులు కూడా పడుతుంది. ఆ తప్పులు వినడానికే బయటికి రావాలి, చప్పట్లకి కాదు.

ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ వాళ్లు 2008లో తమ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపిస్తూ చిన్న వీడియో పెడితే, వెయిటింగ్ లిస్టు ఒక్క రాత్రిలో 5,000 నుంచి 75,000కు ఎగబాకింది. దాన్ని పెట్టింది ఎక్కడనుకున్నావు? దాన్ని వాడబోయేవాళ్లు గుమిగూడే చోట, వాళ్ల జోకులతోనే.

ఇక నోరు కట్టేసుకోవాల్సిన విషయాలు. పేషెంట్ల వివరాలు స్క్రీన్‌షాట్‌లో ఓ మూలన కూడా కనపడకూడదు, ఇందులో మాట్లాడుకోవడానికేం లేదు. పేటెంట్‌కి పనికొచ్చేది ఏదైనా ఉందనిపిస్తే దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చూపించకు. ఐరోపాలో ముందే బయటపెట్టిన దానికి మామూలుగా పేటెంట్ రాదు, అమెరికాలో అయితే ఏడాది గడువిస్తారు. ఆదాయం లెక్కలు చెప్పాలని ఉబలాటపడకు. బాగున్న నెల చెప్పి, పడిపోయిన నెల మూసిపెడితే ఆ మౌనమే నలుగురికీ చెబుతుంది. బఫర్ అనే కంపెనీ 2013లో ఉద్యోగుల జీతాలు కూడా బయటపెట్టింది. వాళ్లకది నప్పింది. నీ దగ్గరున్న ఇద్దరినీ అడగకుండా నువ్వు ఆ పని చేయకు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది రాబోయేవాటి గురించి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు తేదీలు ప్రకటించేయకు. ఆస్బోర్న్ కంప్యూటర్ సంస్థ కొత్త మోడళ్ల సంగతి ముందే చెప్పేయడంతో ఉన్నవి కొనేవాళ్లు ఆగిపోయారని అంటారు. అదొక్కటే కారణం కాదులే గానీ, 1983లో అది దివాలా తీసింది. అయినా చేయబోయేది చెప్పి అభినందనలు అందుకున్నాక, కూర్చుని చేయాలనే ఆత్రం సగం తగ్గిపోతుంది. నేను చాలామందిలో చూశాను.

నీ యాప్ ఎలా పనిచేస్తుందో చూపించే డెమో వీడియో తీస్తే, దాన్ని అందరి ముందూ పెట్టేలోపు క్లినిక్కుల్లో పనిచేసే ఓ ఐదుగురికి పంపు. ఎక్కడ ఆపి వెనక్కి తిప్పి చూశారో అడుగు. వాళ్లేమన్నారో మార్చకుండా, వాళ్ల మాటల్లోనే నాకు రాయి.

ఆశీస్సులతో,
బాబాయి