జీఎన్‌ఎం చేసిన చెల్లెలిని జర్మనీ పంపడానికి కన్సల్టెన్సీకి ఐదు లక్షలు కట్టొచ్చా?

మీ చెల్లెలు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో ఐసీయూలో పనిచేస్తోందని, ఖమ్మంలో ఒక కన్సల్టెన్సీ ఐదు లక్షలకు బీ1 (భాషా పరీక్షల్లో మధ్యస్థాయి) దాకా జర్మన్ నేర్పించి త్వరగా పంపిస్తామంటోందని రాశారు. కట్టొద్దండి. జర్మనీ మంచి దారే. నేనూ నర్సుగానే వచ్చి డార్ట్‌మండ్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. కానీ ఆ డబ్బు కట్టాల్సిన అవసరం మీకు లేదు, పైగా బీ1తో తొందరపడి వస్తే ఇబ్బంది పడేది మీ చెల్లెలే.

ముందు డబ్బు సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉన్నవాళ్లు కూడా సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ కన్సల్టెన్సీ పేరు వెతకండి, కనబడకపోతే మాటలు అక్కడితో ఆపేయండి. విదేశాల నుంచి నర్సుల్ని న్యాయంగా తెచ్చే సంస్థలకు జర్మనీ ప్రభుత్వం ఒక నాణ్యతా ముద్ర ఇస్తుంది. ఆ ముద్ర ఉన్నవాళ్లు నియామక ఖర్చును నర్సు మీద వేయకూడదు, అది ఆసుపత్రే భరించాలి. మీరు తెలంగాణ వాళ్లు కాబట్టి హైదరాబాద్‌లోని టామ్‌కామ్‌కు ఒకసారి వెళ్లిరండి. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, జర్మనీ వెళ్లే నర్సులకు భాషా శిక్షణ కూడా పెట్టింది.

ఇక అసలు విషయం, భాష. మన సర్టిఫికెట్‌తో ఇక్కడ మొదటి రోజు నుంచే పూర్తి స్థాయి నర్సు కాలేం. ఇక్కడి రాష్ట్ర అధికారులు మన చదువును వాళ్ల నర్సింగ్ కోర్సుతో పోల్చి, ఏయే గంటలు తక్కువయ్యాయో రాసి ఒక ఉత్తరం పంపుతారు. దాన్ని అందరూ డెఫిజిట్‌బెషైడ్ అంటారు. ఆ లోటును ఆసుపత్రిలో అడాప్టేషన్ కోర్సు చేసైనా, నాలెడ్జ్ పరీక్ష పాసయ్యైనా పూడ్చుకోవాలి. దాంతోపాటు దాదాపు అన్ని రాష్ట్రాల్లో జర్మన్‌లో బీ2 (బీ1 తర్వాతి మెట్టు) కావాలి. ఈ రెండూ అయితేనే నర్సుగా గుర్తింపు. అప్పటిదాకా హెల్పర్‌గానే లెక్క.

ఆ తేడా జీతంలో గట్టిగా కనబడుతుంది. వృద్ధుల సంరక్షణ సంస్థల్లో 2025 జులై నాటి కనీస వేతనం హెల్పర్‌కు గంటకు 16.10 యూరోలు, అర్హత ఉన్న నర్సుకు 20.50 యూరోలు. నెలకు చూస్తే 700 యూరోలకు పైనే తేడా. పన్ను, పెన్షన్, బీమా పోగా చేతికొచ్చేది ఎలాగూ తగ్గుతుంది, అందులో మళ్లీ ఈ కోత. దీనికంటే పెద్ద విషయం మన ఏజెంట్లు చెప్పరు: మూడేళ్లకే శాశ్వత నివాసం వస్తుందని ఆశపెడతారు కదా, ఆ మూడేళ్లు గుర్తింపు పొందిన స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద ఉండాలి. గుర్తింపు కోసం ఇచ్చే 16డీ పర్మిట్ మీద గడిపిన కాలం ఆ లెక్కలోకి రాదు. బీ2 ఆలస్యమైన కొద్దీ అదీ వెనక్కి పోతుంది.

బీ2 ఇక్కడికొచ్చి చేసుకోవచ్చులే అని చాలామంది అనుకుంటారు. మూడు షిఫ్టుల డ్యూటీ చేస్తూ ఆ పరీక్ష చదవడం ఎంత కష్టమో మా వార్డుకు వచ్చిన అమ్మాయిల్ని చూస్తే తెలుస్తుంది. ఫోన్‌లో డాక్టర్ గబగబా చెప్పే మోతాదు, షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్, యాసలో మాట్లాడే పెద్దవాళ్లు. వీటన్నిటి మధ్య ఒక మందు పేరు సరిగా వినబడకపోతే కలిగే టెన్షన్ మామూలుది కాదు. ఉద్యోగం చేస్తూనో, వీలైతే కొన్నాళ్లు మానేసో, హైదరాబాద్‌లోనే బీ2 పూర్తి చేయమనండి. అక్కడ జర్మన్ నేర్పే గోథే సెంట్రుమ్ ఉంది. గోథే బీ2లో నాలుగు భాగాలు విడివిడిగా రాయొచ్చు, తప్పిన భాగమే మళ్లీ కట్టొచ్చు. టెల్క్ అనే మరో భాషా పరీక్షల సంస్థలో నర్సుల కోసమే ప్రత్యేక పరీక్ష ఉంది.

పని గురించీ ముందే మాట్లాడుకోండి. మన దగ్గర పేషెంటుకు స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం ఆయాలో, ఇంటివాళ్లో చూసుకుంటారు. ఇక్కడ అదంతా నర్సు పనే, డిగ్రీ ఉన్నా సరే. కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) పెట్టడం లాంటివి చాలాచోట్ల డాక్టర్లు చేస్తారు. ఐసీయూలో చేయి తిరిగిన అమ్మాయికి మొదట్లో ఇది చాలా బాధగా ఉంటుంది. నాకు మాత్రం పేషెంటుతో అంత దగ్గరగా ఉండే పని రాను రాను నచ్చింది. అయినా ఆమె అన్నీ తెలిసే ఒప్పుకోవాలి.

కాంట్రాక్టు సాధారణంగా జర్మన్‌లోనే ఉంటుంది. సంతకానికి ముందు అనువాదం చేయించి, మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో, ఎంత, ఎన్నేళ్లు అని చూడండి. నాతో కలిసి అడాప్టేషన్ కోర్సు చేసిన ఒకమ్మాయి ఇలాంటి షరతు వల్లే నచ్చని చోట చాలాకాలం ఉండిపోయింది.

యూకే అని ఎవరైనా అంటే, కేర్ వర్కర్ వీసా వద్దు. విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జులై 22తో ఆగిపోయింది. నర్సు వీసా ఇంకా ఉంది, దానికి ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు, నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు కావాలి. ఇంగ్లిష్ బాగా వస్తే అదీ ఆలోచించొచ్చు.

భాష నేర్చుకుంటూనే కాలేజీ నుంచి థియరీ, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ తీయించి పెట్టండి, డెఫిజిట్‌బెషైడ్‌లో లోటు తేలేది ఆ గంటల మీదే. పేర్లు కూడా చూడండి. మనవాళ్ల మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. ఇక్కడి ఆఫీసు ఇద్దరు మనుషులా అని అడిగి ఫైలు పక్కన పెడుతుంది. ఆ సవరణ గానీ, అఫిడవిట్ గానీ ఇప్పుడే చేయించండి.