స్టాక్‌హోమ్‌లో ప్రైవేట్ గైడ్ దండగా? అమ్మానాన్నలు వస్తుంటే కాదు

వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చూపించడానికి ప్రైవేట్ గైడ్‌ని పెట్టుకోవాలా, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ మనమే తిప్పేస్తే సరిపోదా అని ఒకరు అడిగారు. నేను ఈ ఊళ్లోనే ఉంటాను. ఇక్కడ దారి తెలుసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అయినా నా జవాబు ఒకటే: పెట్టుకోండి. స్నేహితులతో వస్తే వద్దు. పెద్దవాళ్లు వస్తుంటే మాత్రం ఇంకెక్కడైనా ఖర్చు తగ్గించుకోండి గానీ ఇక్కడ తగ్గించకండి.

ఎందుకంటే మనం వాళ్లని తిప్పేది ఫొటోల కోసం. ఇదిగో రాజుగారి ప్యాలెస్, ఇదిగో నోబెల్ విందు జరిగే సిటీ హాల్, ఇక్కడ నిలబడండి, అయిపోయింది, పదండి. వాళ్లు ఏదైనా అడిగితే మనకి తెలియదు, తెలియదని చెప్పడానికి చిరాకు. రెండు ప్రశ్నల తర్వాత వాళ్లే అడగడం మానేస్తారు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

మా నాన్న విశాఖ షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1948లో నెహ్రూ వచ్చి ‘జలఉష’ ఓడని నీళ్లలోకి దింపింది ఆ యార్డులోనే. నాన్న ఉద్యోగంలో చేరింది చాలా తర్వాతే అయినా, ఆ సంగతి తన కళ్లముందే జరిగినట్టు చెబుతారు. అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చే ముందు గైడ్‌కి మెయిల్ రాసేటప్పుడు నాన్న ఉద్యోగం గురించి కూడా రాశాను. ఆవిడ ప్లాన్ మొత్తం మార్చి, సగం రోజు వాసా మ్యూజియంకే ఉంచారు.

వాసా 1628లో మునిగిన యుద్ధనౌక. రాజు గుస్తావ్ అడాల్ఫ్ దాన్ని గొప్పగా కట్టించాడు: రెండు అంతస్తుల్లో ఫిరంగులు, మొత్తం 64. ఆగస్టు 10న జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా బయల్దేరింది. 1300 మీటర్లు వెళ్లిందో లేదో గాలి ఒక్క విసురు విసిరింది, ఓడ పక్కకి ఒరిగింది, కింది వరస ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు దూరాయి, అక్కడికక్కడే మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కని తొలిచే ఓడపురుగు అక్కడ బతకలేదు. అందుకే అంత ఓడా ఇంచుమించు అసలు కలపతోనే ఈరోజు మన ముందు నిలబడి ఉంది.

గైడ్ ఇదంతా చెబుతుంటే అమ్మా నేనూ వెనకవైపు చెక్కిన సింహాల్ని చూస్తున్నాం. నాన్న మాత్రం వంగి ఓడ అడుగుభాగం చూస్తున్నారు. “బ్యాలస్ట్ ఎంత వేశారు?” అన్నారు. బ్యాలస్ట్ అంటే ఓడ ఒరిగిపోకుండా అడుగున వేసే బరువు. ఆవిడ “దాదాపు 120 టన్నుల రాళ్లు” అన్నారు. “ఇంకా వేయాల్సింది కదా?” “చోటు లేదు. వేసినా ఓడ ఇంకా కిందికి దిగి, కింది కిటికీలు నీటికి మరీ దగ్గరయ్యేవి.” నాన్న తలూపారు. నాన్నకి మామూలు ఇంగ్లీషు కొంచెం తడబాటే గానీ కీల్, బ్యాలస్ట్, బల్క్‌హెడ్ లాంటి ఓడ మాటల దగ్గర తిరుగులేదు.

అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి: బయల్దేరడానికి ముందే ఓడ నిలకడ చూడటానికి 30 మంది మనుషుల్ని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా పరిగెత్తించారట. మూడుసార్లు పరిగెత్తేసరికి ఓడ ఎంత ఊగిందంటే, మునిగిపోతుందని భయపడి పరీక్ష ఆపేశారు. అయినా పంపేశారు! నాన్న ఆగలేకపోయారు. “మేమూ చేస్తాం, ఇంక్లైనింగ్ టెస్ట్! మనుషులతో కాదు, బరువులు జరిపి, లోలకం కట్టి ఎంత ఒరిగిందో కొలుస్తాం” అని ఆవిడ చేతిలో పెన్ను తీసుకుని బ్రోషర్ వెనక బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టారు. గరిమనాభి, అంటే ఓడ బరువు కేంద్రం, ఎక్కడుండాలి, ఎంత పైకి పోతే ప్రమాదం, అన్నీ. ఆవిడ శ్రద్ధగా విని, ఎదురు ప్రశ్నలు వేశారు. తర్వాత మమ్మల్ని ఇంకో పక్కకి తీసుకెళ్లి, ఓడలో దొరికిన కొలబద్దల గురించి చెప్పారు. కొన్ని స్వీడన్ అడుగువి, అందులో 12 అంగుళాలు. మిగతావి ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి, 11 అంగుళాలే. ఒకే ఓడ మీద రెండు కొలతలు! నాన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

“ఎవరికి శిక్ష పడింది?” అని చివర్లో అడిగారు. ఎవరికీ లేదు. కట్టిన మేస్త్రీ హెన్రిక్ హిబెర్ట్‌సన్ అంతకు ముందు ఏడాదే పోయాడు, కొలతలు ఒప్పుకున్నది సాక్షాత్తూ రాజుగారు. “అయితే ఎంక్వైరీ ఎక్కడైనా ఇంతే” అన్నారు నాన్న. నాన్న బయటివాళ్లతో అంత సేపు, అంత ఉత్సాహంగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. రిటైరయ్యాక ఆయన్ని పని గురించి అడిగినవాళ్లు లేరు, నాతో సహా ఇంట్లో ఎవరం అడగం. అక్కడ ఒక స్వీడిష్ ఆవిడ అడిగింది.

ఇదే ఓడని గ్రూప్ బస్ టూర్‌లో చూస్తే ముప్పావుగంట. మా బంధువుల్ని ఒక ప్యాకేజీ వాళ్లు అలాగే తిప్పారు. మ్యూజియంలో తొందర, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఊరి అవతల ఇండియన్ రెస్టారెంట్‌కి గంట ప్రయాణం. పప్పన్నం కోసం యూరప్ రావాలా? ఇంటి నుంచి పులిహోర కట్టించుకుంటే ఆ గంట మిగిలేది.

అమ్మకి గమ్లా స్టాన్, అంటే పాత ఊరు, నచ్చింది. కానీ అక్కడంతా ఎగుడుదిగుడు రాళ్ల దారులు, మోకాళ్లకి నరకం. గైడ్ ఆ సంగతి ముందే కనుక్కుని, తక్కువ నడిపించి, స్లుస్సెన్ దగ్గర ఫెర్రీ ఎక్కించి వాసా ఉన్న దీవికి తీసుకెళ్లారు. ఆ ఫెర్రీకి మామూలు మెట్రో టికెట్టే చాలు. పాత ఊళ్లోనే, ఫిన్నిష్ చర్చి వెనక పెరట్లో 15 సెంటీమీటర్ల ఇనుప పిల్లాడి బొమ్మ ఉంటుంది, చలికాలంలో ఎవరో ఒకరు దానికి ఊలు టోపీ అల్లి పెడతారు. అమ్మ దాని ముందు కూర్చుని తల నిమిరింది. మ్యాప్ పట్టుకుని తిరిగేవాళ్లు ఆ గేటు దాటి లోపలికి వెళ్లరు.

ఇంకో మాట. నోట్లు మార్చుకుని తీసుకురావద్దని మీ వాళ్లకి చెప్పండి. ఇక్కడ చాలా చోట్ల నగదు తీసుకోరు, డబ్బులిచ్చి వాడే టాయిలెట్‌కి కూడా కార్డే. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, ఈ ఊరి మీద నాకున్న పెద్ద కోపం ఇదే. వాళ్లకి పనిచేసే కార్డు ఒకటి చేతికివ్వండి.

గైడ్‌కి అధికారిక గుర్తింపు ఉందో లేదో అడగండి. కారు ఉన్న గైడ్ కన్నా, మీ వాళ్ల వివరాలు అడిగే గైడ్ మేలు. మెయిల్‌లో చూడాల్సిన స్థలాల జాబితా పంపకండి. నాన్నగారు ఏ పని చేసేవారు, అమ్మగారికి ఏమిష్టం, ఎంత దూరం నడవగలరు, ఇవి రాయండి. వాసాకి పొద్దున్న తలుపులు తీసే సమయానికే వెళ్లండి, వేసవిలో తర్వాత క్రూయిజ్ జనం దిగుతారు. లోపల ఓడ కోసం మసకగా, చల్లగా ఉంచుతారు కాబట్టి అమ్మగారికి శాలువా మర్చిపోకండి.