గాలి తలుపు దగ్గర కూర్చున్న పిల్ల గురించి

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ కథ అందింది, చదివాను. 1840 ప్రాంతపు ఇంగ్లండు బొగ్గుగనుల్లో పనిచేసిన పిల్లల మీద కథ రాయాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే మొదటి రెండు పుటల్లోనే నీ కథలోని పిల్ల పదేపదే కంటతడి పెట్టింది గాని, ఆమె చేస్తున్న పనేమిటో కథ ముగిసేదాకా నాకు తెలియలేదు. జాలిపడడం పాఠకుడి వంతు. నీ వంతు పనిని చూపించడం.

ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ గనుల్లో చిన్న పిల్లలకు సాధారణంగా ముందు అప్పగించే పని గాలి తలుపు కాయడం. గనిలోకి వచ్చిన గాలి దగ్గరి దారిన బయటికి పోకుండా, బొగ్గు తవ్వే ప్రతి మూలకూ తిరిగి వెళ్ళేలా దారుల్లో చెక్క తలుపులు పెట్టేవారు. గోడలో తొలిచిన గూట్లో ఒక పిల్లో పిల్లవాడో తాడు పట్టుకుని కూర్చుని, టబ్బు, అంటే బొగ్గు మోసే చిన్న బండి, వస్తున్న చప్పుడు వినగానే తలుపు లాగి, అది దాటిపోగానే వదిలెయ్యాలి. ఇంతే పని. కాని ఆ తలుపు తెరిచి ఉండిపోతే గాలి దారి తప్పుతుంది, లోపల మండే వాయువు పేరుకుంటుంది, ఏ కొవ్వొత్తి మంటో తగిలి పేలుతుంది. అంటే గనిలో దిగిన వాళ్ళందరి ప్రాణాలూ నిద్ర ఆపుకుంటున్న ఆ పసిదాని చేతిలో ఉన్నాయన్నమాట. ఈ సంగతి సరిగా చెప్పగలిగితే నీ కథలోని విశేషణాలు సగం వాటంతటవే రాలిపోతాయి.

పార్లమెంటు సభ్యుడు లార్డ్ ఆష్లీ పట్టుదల వల్ల పిల్లల పని మీద 1840లో ఏర్పడిన విచారణ సంఘం 1842లో ఇచ్చిన నివేదిక ముందు చదువు. అందులో గాబర్ గనిలో తలుపు కాసే సారా గూడర్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల వాంగ్మూలం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి, ఒక్కోసారి మూడున్నరకే గనిలోకి వెళ్ళి సాయంత్రం ఐదు, ఐదున్నరకు బయటికి వస్తానని ఆ పిల్ల చెప్పింది. వెలుతురు ఉంటే అప్పుడప్పుడు పాడుకుంటానని, చీకట్లో మాత్రం పాడే ధైర్యం లేదని కూడా చెప్పింది. ఈ మాట నువ్వు ఎలాగూ వాడుకుంటావు. దీన్ని వదులుకునే రచయిత ఉండడు. కాని దానికి ముందే ఆమె తనకు ఈ పని అలసట కలిగించదని అంది. ఆ మాట జాలికి అడ్డం వస్తుందని కొట్టెయ్యాలనిపిస్తుంది. కొట్టెయ్యకు, ఎందుకంటే ఆ ఒక్క మాటతోనే ఆమె నీ చేతి బొమ్మ కాకుండా తన పని తాను తూచి చెప్పగల మనిషి అవుతుంది.

1838 జూలై 4న బార్న్‌స్లీ దగ్గర సిల్క్‌స్టోన్‌లోని హస్కర్ గనిలో జరిగినది కూడా నీకు తెలియాలి. గాలివానకు పిల్లలను పైకి చేర్చే ఆవిరి యంత్రం ఆగిపోతే, వారిలో కొందరు అడవి వైపు తెరుచుకునే ఏటవాలు దారిన బయటపడబోయారు. పొంగిన వాగు ఆ దారిలోకి దూకి, అప్పుడే దాటివచ్చిన గాలి తలుపు మీదికే వారిని నెట్టింది. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోలేదు. పదకొండు మంది ఆడపిల్లలు, పదిహేను మంది మగపిల్లలు, మొత్తం 26 మంది అక్కడే మునిగిపోయారు. ఇంతకు మించి ఒక్క మాట చేర్చినా ఎక్కువే.

నీ కథలో తండ్రి క్రూరుడు. అంత సులువుగా తేల్చెయ్యకు. బొగ్గు తవ్వేవాడికి తవ్వి పంపిన బొగ్గును బట్టి కూలి. టబ్బు తొయ్యడానికి పరాయివాణ్ణి పెట్టుకుంటే ఆ కూలిలోంచే ఇవ్వాలి కనక చాలామంది సొంత పిల్లలనే లోపలికి తీసుకుపోయారు. తండ్రి చెడ్డవాడు కాకపోయినా పిల్ల గనిలో దిగిందంటే గనిలో కూలి లెక్క ఎలా నడిచిందో పాఠకుడికి అర్థమవుతుంది.

సింగరేణి ప్రాంతం పిల్లవు కనక బొగ్గుబాయి మాటలు నీ నోట సహజంగా వస్తాయి, వాటిని వాడుకో. కాని అక్కడి మనుషులను యార్క్‌షైర్‌కు తరలించకు. ఇల్లెందులో తవ్వకాలు మొదలయ్యేనాటికే ఈ కథాకాలం దాటి నాలుగు దశాబ్దాలు గడిచాయి.

ఇక ముగింపు. 1842 గనుల చట్టం రాగానే ఊరంతా పండగ చేసుకున్నట్టు రాశావు. ఆనాటి పెద్దమనుషులను ఎక్కువగా కలవరపెట్టింది పిల్లల అలసట కాదు. అర్ధనగ్నంగా ఉన్న మగవాళ్ళ మధ్య ఆడపిల్లలు కూడా నడుము పైన బట్ట లేకుండా పనిచేస్తున్నారన్న వార్త, నివేదికలో అచ్చయిన బొమ్మలు. పదమూడేళ్ళలోపు మగపిల్లలను గనిలోకి దించకూడదని ఆష్లీ కోరితే, గని యజమాని లార్డ్ లండన్‌డెరీ వంటివారు ఎదురు తిరిగారు; చివరికి చట్టంలో ఆ వయసు పదికి దిగింది. 1842 చట్టం స్త్రీలను, ఆడపిల్లలను పూర్తిగా బయటికి పంపింది; వారి కూలి పోయిన ఇళ్ళలో గంజి ఎలా కాగిందో అది పట్టించుకోలేదు. అమలు చూడడానికి నియమించినది ట్రెమెన్‌హీర్ అనే ఒక్క అధికారిని. కాబట్టి నీ కథలోని పిల్ల ఇంట్లో ఉండిపోయిన మర్నాడు, పదేళ్ళు నిండిన ఆమె తమ్ముడు తండ్రి వెంట గనికి వెళ్తాడు. చివరి ఘట్టాన్ని అక్కడి నుంచి తిరగరాయి, మొదటి రెండు పుటలు తీసేసి తలుపు దగ్గరే కథ ఎత్తుకో, పూర్తయ్యాక మళ్ళీ పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే పాత రచయిత