రెండు కిలోల తేడా మీద కోటీ అరవై లక్షల ఫ్యాక్టరీ

ప్రశ్న: మాది పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. నేనూ మా ఆయనా చూసుకుంటాం. రోజుకు 10 బస్తాల పిక్కలు (తొక్కతో ఉన్న జీడిగింజలు) ఆడిస్తాం, ఏడాదికి 3,000 బస్తాల దాకా వెళ్తుంది. బస్తాకు 22 కిలోల పప్పు వస్తుంది. గుండు (విరగని పప్పు), బద్ద, ముక్క అన్నీ కలిపి కిలోకు సగటున 600 రేటు పలుకుతోంది, ఖర్చులన్నీ పోను బస్తాకు 400 మిగులుతోంది. ఇప్పుడు మా మరిది ఒక కన్సల్టెంట్ చేత ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయించాడు. ఆటోమేటిక్ కటింగ్ మెషీన్లు, పెద్ద బాయిలర్, షెడ్డు కలిపి 1.60 కోట్లు. అందులో 1.20 కోట్లు బ్యాంకు లోను, 10.5 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు. రోజుకు 30 బస్తాలు ఆడితే బస్తాకు 1,600 లాభం, ఏడాదికి 1.44 కోట్లు, పైగా 35 శాతం సబ్సిడీ అని రాశారు. ఇల్లు తనఖా పెట్టాలి. ఎక్కడో తేడా కొడుతోంది కానీ చూపించలేకపోతున్నాను. సంతకం పెట్టమంటారా? రిపోర్ట్ పేజీలు జత చేశాను.
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఈ రిపోర్ట్ మీద సంతకం పెట్టకండి. విస్తరించొద్దని కాదు, ఈ లెక్కతో వద్దు.

మీకు తేడా కొట్టింది సరైన చోటే. ఈరోజు బస్తాకు 400 మిగులుతుంటే మెషీన్ రాగానే 1,600 ఎలా అవుతుంది? దిగుబడి పేజీ తీయండి. మీ పుస్తకంలో 80 కిలోల బస్తాకు 22 కిలోల పప్పు ఉంటే, కన్సల్టెంట్ 24 కిలోలు వేశాడు. చూడటానికి రెండు కిలోలే. కిలో 600 చొప్పున బస్తాకు 1,200, మీ 400కు ఆ 1,200 కలిపితే సరిగ్గా ఆయన చెప్పిన 1,600. అంటే రిపోర్టులో పెరిగిన లాభమంతా ఆ ఒక్క అంకెలోంచే వచ్చింది. ఏడాదికి 9,000 బస్తాల మీద అది 1.08 కోట్లు. పిక్కలో లేని పప్పును ఏ మెషీనూ తీయలేదు కదా! దిగుమతి వ్యాపారంలో 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్నదే లెక్క. మీ 22 కిలోలంటే 48 పౌండ్ల పైచిలుకు, మంచి సరుకే. ఆయన 24 కిలోలంటే దాదాపు 53 పౌండ్లు. అలాంటి లాటు ఎప్పుడైనా దొరకొచ్చు, ఏడాది పొడుగునా అదే దొరుకుతుందని రాయడం మాత్రం తప్పు.

సరే, 400నే పట్టుకుని చూద్దాం. 9,000 బస్తాలూ ఆడితే 36 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ దాదాపు 12 లక్షలు, అసలు ఏడాదికి 24 లక్షలు, మొత్తం అక్కడికే సరిపోయింది, ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. అది కూడా మొదటి రోజు నుంచి 30 బస్తాలు నడిస్తేనే. 60 శాతమే నడిస్తే 21.6 లక్షలు, కిస్తీకే చాలవు. కటింగ్ కూలీ కొంత తగ్గే మాట నిజమే. కానీ పిక్కలను సైజుల వారీగా జల్లించకుండా మెషీన్‌కు పెడితే గుండు తగ్గి బద్ద, ముక్క పెరుగుతాయి, కూలీలో మిగిలింది అక్కడ పోతుంది. రిపోర్టులో సైజింగ్ మెషీనే కనిపించలేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది పప్పు ఆరబెట్టే బోర్మా సంగతి. కటింగ్ 30 బస్తాలకు పెంచి, బోర్మా, పీలింగ్, గ్రేడింగ్ ఉన్నవే ఉంచేశాడు. సాయంత్రానికి 30 బస్తాల పప్పు తోలుతో బయటకొస్తుంది, మీ బోర్మాలో పట్టేది పది బస్తాలదే. మిగతాది ట్రేలలో రాత్రంతా ఉంటే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు, వర్షాకాలంలో తేమ లాగి మెత్తబడుతుంది, రంగు మారుతుంది, బూజు పడితే ముక్క రేటు కూడా రాదు. ఫ్యాక్టరీ ఎంత తీయగలదో నిర్ణయించేది అన్నిటికంటే నెమ్మదిగా నడిచే పని. ఆ లెక్కన ఈ 1.60 కోట్లు పెట్టాక కూడా మీది పది, పన్నెండు బస్తాల ఫ్యాక్టరీయే.

ఇక సరుకు డబ్బు. బస్తా 11 వేలు వేసి, నెలకు 750 బస్తాలు, 82.5 లక్షలు వర్కింగ్ క్యాపిటల్ చాలన్నాడు. ఉద్దానం పిక్క వచ్చేది వేసవిలో. ఆ రేటుకు కావాలంటే అప్పుడే కొని గోదాములో పెట్టుకోవాలి. ఆరు నెలలకు 4,500 బస్తాలు, 4.95 కోట్లు. నెలనెలా కొందామంటే ఐవరీకోస్ట్, బెనిన్, టాంజానియా సరుకు మీద ఆధారపడాలి, అక్కడ వియత్నాం వాళ్ళు పోటీ, డాలర్ రేటు ఒకటి, లాటు ఎలా ఉంటుందోనన్న టెన్షన్ ఒకటి. సీజన్ రేటు వేసుకుని, నెలకు సరిపడా డబ్బే చూపించడం కుదరదు, రెండిట్లో ఏదో ఒకటే నిజం.

అమ్మకం గురించి మాత్రం అర పేజీ కూడా లేదు. ఇప్పుడు ఏడాదికి 66 టన్నుల పప్పు అమ్ముతున్నారు, అది 198 టన్నులవుతుంది. ఆ అదనపు 132 టన్నులు కొనేదెవరు, ఎన్ని రోజుల అప్పు మీద? ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం ఉంది. గడువు దాటిస్తే ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చూపించుకోవడం కొనేవాళ్ళకు కుదరకపోవచ్చు. అందుకే కొందరు పెద్ద వ్యాపారులు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళ దగ్గర కొనడానికి వెనకాడుతున్నారు కూడా. ఎవరితోనైనా నోటిమాట కాకుండా కాగితం మీద ఆర్డర్ తెచ్చుకోండి.

సబ్సిడీ 35 శాతం అంటే 56 లక్షలని వేశాడు. రిపోర్టులో ఆయన పేర్కొన్న ఆహార శుద్ధి పథకంలో 35 శాతం నిజమే, కానీ గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అది కూడా చేతికిచ్చే డబ్బు కాదు, బ్యాంకులో మీ లోను ఖాతాకు ముడిపెట్టి ఉంచి, మూడేళ్ళు సక్రమంగా కడితే సర్దుబాటు చేస్తారు. 46 లక్షల తేడా ఇక్కడే ఉంది.

మరిదితో గొడవ పడకండి, అతను మోసం చేశాడని నేననుకోను. మీ పుస్తకం, ఆ రిపోర్ట్ పక్కపక్కన పెట్టి 22 వేసి మళ్ళీ లెక్క కట్టమనండి, చాలు. మెషీన్ అమ్మేవాళ్ళ దగ్గరికి మీ పిక్కలే నాలుగైదు బస్తాలు పట్టుకెళ్ళి మీ కళ్ళెదుట ఆడించి, గుండు, బద్ద, ముక్క విడివిడిగా తూకం వేయించండి. వాళ్ళ డెమో సరుకు చూసి నమ్మొద్దు. ముందు బోర్మా, పీలింగ్ 15 బస్తాలకు పెంచండి, ఒక కటింగ్ మెషీన్, సైజింగ్‌తో ఒక సీజన్ నడపండి. అప్పుడు మీ చేతిలో ఉండేవి మీ సొంత అంకెలు.

ఇల్లు తనఖా మాటకొస్తే, చిన్న పరిశ్రమలకు తనఖా లేకుండా ఇచ్చే లోన్లకు కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ ట్రస్టు ఉంది, 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 కోట్లు. దానికి ఏటా ఫీజు ఉంటుంది, ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం. అయినా మేనేజర్‌ను నేరుగా ఆ గ్యారంటీ కింద ఇస్తారా అని అడగండి, కుదరదంటే కారణం రాసివ్వమనండి. ఆ జవాబు వచ్చేదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంచండి.