నాయనమ్మ పాటలకు రివర్బ్ పెట్టేముందు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నాయనమ్మ పాడే ఆరు లాలిపాటలూ నువ్వే పాడి ఇంట్లో రికార్డు చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమైందో! ఆ వెంటనే, తగ్గింపు ధరకు వస్తున్నాయని మూడు రివర్బ్ ప్లగిన్లు (గొంతుకు గది, హాలు మోతను జోడించే చిన్న సాఫ్ట్‌వేర్లు) కొనబోతున్నావనీ అన్నాడు. అక్కడ గుండె గుబేలుమంది. భయం డబ్బు గురించి కాదమ్మా. ఆ పాటలు ఎక్కడా అచ్చులో లేవు. నీ రికార్డింగులో మాట మసకబారితే ఇక ఎక్కడా దొరకదు.

కొనడం ఇప్పుడే వద్దు. నీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో రియావర్బేట్ ఉంది, నిజమైన గది మోత నమూనాతో పనిచేసే రియావర్బ్ అనే కన్వల్యూషన్ ప్లగినూ ఉంది. చాలకపోతే డ్రాగన్‌ఫ్లై ఉచితం. అందులో రూమ్, హాల్, ప్లేట్ (ఉక్కు రేకు) మోతలు విడివిడిగా దొరుకుతాయి. వల్హాలా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే, కానీ దాని తోక, అంటే స్వరం ఆగాక మిగిలే మోత, ఆకాశమంత పొడవు, లాలిపాటకు పనికిరాదు. ఏ ప్లగిన్‌ని పరీక్షించాలన్నా పాట మీద కాదు, ఒక్క చిటికె మీద పెట్టి విను. తోక మెత్తగా కరిగిపోవాలి. ఇత్తడి చెంబు మోగినట్టు ఖంగుమంటే వదిలెయ్.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరకు వస్తాను. ఇంట్లో రికార్డు చేసేవాళ్లు తరతరాలుగా చేస్తున్నది ఇదే: గది మోతను రివర్బ్‌తో కప్పేద్దామనుకోవడం. నీ గది పొడవు పదడుగులు, వెడల్పు పదడుగులు, శ్లాబు ఎత్తూ పదడుగులే. కొలతలు మూడూ ఒకటైతే అంతకన్నా చెడ్డ గది ఉండదు. అంత దూరానికి గది సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, ఆపై దాని రెట్లయిన 112, 169, 225 దగ్గర మోగుతుంది. మూడు దిక్కులూ అవే స్వరాలను పైకి లేపుతాయి. నువ్వు కింది స్థాయిలో పాడే లాలి 169, 225ల చుట్టూనే తిరుగుతుంది కదా, కొన్ని స్వరాలు డబ్బాలోంచి వచ్చినట్టు ఉబ్బుతాయి, పక్కవి పలచబడతాయి. దానికి తోడు కింద టైల్సు, చుట్టూ ఖాళీ గోడలు. చప్పట్లు కొట్టి చూడు, ‘ట్రర్ర్’ మంటుంది.

అదంతా మైకులోకి వెళ్లిపోతుంది. పెద్ద చప్పుడును తగ్గించి చిన్నదాన్ని పైకి తెచ్చే కంప్రెసర్ వేయగానే మాటల సందుల్లోంచి మరింత పైకి లేస్తుంది. అప్పుడు గొంతు ‘పొడిగా’ ఉందని హాల్ రివర్బ్ పెడతారు. గొంతు చిన్న గదిలో ఒకసారి, పెద్ద హాల్లో ఒకసారి మోగి వెనక్కి వెళ్తుంది. దగ్గరకు రావడం లేదని ఇంకా పెంచుతారు. ఆ దశలో ఏ నాబ్ తిప్పినా గది బయటికి పోదు, ఎందుకంటే అది గొంతులో కలిసిపోయింది.

కాబట్టి పరుపు లేపి నీ వీపు వెనక నిలబెట్టు. మైకు వెనక కాదు, నీ వెనక. మైకు చూసేది నీవైపు, నీ వెనక గోడనుంచి వచ్చేదే అందులో పడుతుంది. రెండు పక్కలా బొంతలు మడతపెట్టి వేలాడదియ్. అడుగు స్వరాల ఉబ్బును బొంతలు ఆపలేవు. దానికి గది మధ్యనా మూలల్లోనూ నిలబడకుండా, అడుగడుగు జరుగుతూ పాడి ఎక్కడ సమంగా ఉందో వెతుక్కో. మైకుకు జానెడు దూరం, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. చప్పట్ల మోత చచ్చాకే రికార్డు నొక్కు.

తర్వాత పని తేలిక. రివర్బ్‌ను గొంతు ట్రాక్ మీద పెట్టకు, వేరే ట్రాక్ మీద పెట్టి, గొంతు నకలును అక్కడికి సెండ్‌గా పంపు. ఆ రివర్బ్‌లో వెట్ (మోత) 100 శాతం, డ్రై (అసలు గొంతు) సున్నా, సెండ్ పోస్ట్-ఫేడర్ (గొంతు వాల్యూమ్ తర్వాత తీసుకునేది). లేకపోతే గొంతు తగ్గించినా తోక అంతే ఉండిపోతుంది. ప్లేట్ ఎంచుకో. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ఒక పెద్ద ఉక్కు రేకును ఫ్రేములో బిగించి మోగించిన యంత్రం. దాని మోత మొదటినుంచే దట్టం, గొంతును గది లోపలికి నెట్టదు. డికే (మోత ఆరిపోయే సమయం) 1.2 నుంచి 1.6 సెకన్లు చాలు. తోకలో 300 హెర్ట్జ్ కిందా, 7 కిలోహెర్ట్జ్ పైనా కోసెయ్. లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో గొంతును ఎకో గదికి (మోత పుట్టించే గదికి) పంపేముందే 600 హెర్ట్జ్ కిందా 10 కిలోహెర్ట్జ్ పైనా కోసేవారు. ‘శ’, ‘స’ తోకలో బుసకొడితే సెండ్ దారిలోనే ఆ బుసను తగ్గించే డీ-ఎస్సర్ పెట్టు.

ప్రీ-డిలే (గొంతుకూ మోత మొదలుకూ మధ్య ఆలస్యం) సున్నా మీద వదలకు. ‘చిట్టి’ అన్నచోట వేవ్‌ఫామ్ దగ్గరగా పెంచి చూడు. ‘ట్టి’ పలికేముందు నాలుక అంగిట్లో ఆగినంతసేపూ గీత చదునుగా ఉంటుంది. ఆ నిశ్శబ్దమే ద్విత్వం. ‘చి’ తోక ఆ ఖాళీని పూడ్చేస్తే ‘చిటి’ వినిపిస్తుంది. పైగా మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు తోక వచ్చే మాట నెత్తిన పడుతుంది. ప్రీ-డిలే 30 మిల్లీసెకన్లు ఇస్తే మాట మొదలు విడిగా నిలుస్తుంది. ద్విత్వం ఖాళీని మాత్రం అది కాపాడలేదు. దానికి తోక మీద కంప్రెసర్ పెట్టి, గొంతు వినగానే అది పనిచేసేలా గొంతును సైడ్‌చెయిన్‌గా ఇచ్చి, పాడుతున్నంతసేపు 3, 4 డెసిబెల్స్ తగ్గించు. రిలీజ్ (కంప్రెసర్ పట్టు వదిలే సమయం) 250 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఖాళీలో తోక గబుక్కున లేవదు.

మోతాదు: తోక వినపడేదాకా పెంచి, అక్కడినుంచి 3 డెసిబెల్స్ దించు. మ్యూట్ చేస్తేనే లోటు తెలియాలి. రాత్రి రెండింటిదాకా హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటున్నావట, వినగానే కోపమొచ్చింది. అలిసిన చెవి రివర్బ్‌కి అలవాటుపడి ఇంకా ఇంకా అడుగుతుంది. అరగంటకోసారి లేచి మంచినీళ్లు తాగు, చెవులు జాగ్రత్త తల్లీ. తెల్లారి ఫోన్ స్పీకర్లో, మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి) విను. ఎగుమతి చేసేటప్పుడు చివరి మాట తర్వాత 4 సెకన్లు వదులు, తోక తెగనివ్వకు.

మొదటి పాట రివర్బ్ లేకుండానే, 24 బిట్ వేవ్ ఫైలుగా నాకు పంపించు. మా అమ్మ ఏ మాటను ఎక్కడ ఒత్తేదో నాకు గుర్తుంది, సరిచూసి చెబుతాను.

మీ పెదనాన్న